ఇంటికుండ చరిత్రము

వార్షిక మహాసభా సంచికయందు మన పూర్వులలోని వీరులను గూర్చియు దాతలను గూర్చియు వ్యాసములు వెలువడుట పరిపాటి. సర్దారు సర్వాయి పాపన్న 1708వ సంవత్సరమున ఓరుగల్లుపై బడిన వృత్తాంతము మన పిల్లలకు సైతము కంఠస్థము. అది యట్లుండవలసినదే. కాని కోటలకును కత్తులకును చరిత్ర కలిగి, తరతరములుగా మన పొయ్యిప్రక్కను, చూరుక్రిందను నిలిచియుండిన కుండకు చరిత్ర లేకుండునా? ఈ యేడు మేము ఆ కుండను గూర్చియే నాలుగు మాటలు విన్నవింపదలచితిమి. ఇందు మేలును జెప్పెదము. కీడును దాపరికము లేక చెప్పెదము.

మాది నేలకొండపల్లి. ఊరి సమీపమున క్రీస్తుశకారంభ శతాబ్దులనాటి బౌద్ధస్తూపము బయల్పడినది. విరాటరాజు కొలువు ఇచ్చటనే యుండెనని జనులు చెప్పుకొందురు. భద్రాచల రామదాసని లోకమెఱిగిన కంచర్ల గోపన్నయు ఈ యూరివాడే. ఆయన గోలకొండ తానీషా ప్రభుత్వమున పాల్వంచ పరగణాకు తహసీలుదారుగా నుండి, సర్కారు పైకమును భద్రాద్రి యాలయమునకు వెచ్చించి కారాగృహము పాలయ్యెను. సర్కారు శిస్తు, ప్రజల యాచారము, గోదావరితీరమందలి మన్యము అను మూడును గోపన్న కథలో నెట్లు చిక్కుపడియున్నవో, మన కుండ కథలోను అట్లే చిక్కుపడియున్నవి. కావుననే మా యూరి పేరుతో నారంభించితిమి.

మా తండ్రిగారు గీతవృత్తియందే జీవయాత్ర గడపిరి. మోకు, ముత్తాదు, కత్తి, లొట్టి మా బాల్యమున ఇంటి గోడకు వ్రేలాడుచుండెడివి. మమ్ము సంస్కృతము చదివింపవలెనని వారికి పట్టుదల కలిగెను, చదివించిరి. పాఠశాలలో నొకనాడు మా బట్టలనుండి కల్లువాసన వచ్చుచున్నదని యొకరు పదుగురి యెదుట నవ్వగా, ఆ సాయంకాలము మొదలు మేము చెట్టుక్రిందికి బోవుట మానితిమి. ధాతువులును సమాసములును బోధించుచు ముప్పది సంవత్సరములకు పైగా గడపితిమి గాని, మా యింటి కుండలోని రసము ఏల పొంగునో, ఎప్పుడు పులియునో యెఱుగకయే గడపితిమి. పదవీవిరమణము కలిగి తీరిక చిక్కినపిమ్మట, అరువది దాటిన వయస్సున, తిరిగి ఆ కుండకడకు బోతిమి. చెట్టెక్కుటకు ఈ వయస్సు తగదు. మా మేనల్లుడు సంఘసభ్యుడై లైసెన్సు గలిగి గీయుచున్నాడు. అతడు దించిన లొట్టిముందు పీట వేసికొని, చేత పుస్తకము పట్టుకొని కూర్చుండుటయే మా వ్యాసంగము.

మొదటి శీతకాలముననే మాకు గురూపదేశమైనది. రెండు లొట్లు కట్టించితిమి. ఒకదానిలోపల సున్నము పూయించి, రెండవదానిని ఊరక విడిచితిమి. తెల్లవారుజామున దించి చూడగా సున్నపులొట్టిలోనిది నిర్మలమై తియ్యగా నుండెను, అదియే నీరా. రెండవదాని మీద నురుగు గట్టి, చెవియొగ్గిన సన్నని చిటపట శబ్దము వినవచ్చుచుండెను. మధ్యాహ్నమునకు తీపి తగ్గి ఘాటెక్కెను. సాయంకాలమునకు పులుపు తలచూపెను. గంటగంటకు రుచిని వ్రాసికొంటిమి. పిదప మా పాండిత్యము మమ్ము మోసగించినది. మిగిలిన కల్లును సీసాలో బోసి, ధూళి పడకుండ బిరడా బిగించి యటుకమీద బెట్టితిమి. రాత్రి సీసా పగిలి ఇల్లెల్ల కల్లుమయమైనది. మేనల్లుడు వచ్చి చూచి, "మామా, కల్లుకు బిరడ బిగిస్తరా? అది ఊపిరి తీసుకోవద్దా?" అని నవ్వెను. చదువురాని మా తాతలు ఎఱిగిన సంగతిని చదివిన మేము ఎఱుగమైతిమి.

ఆ ఊపిరి యేమో నేటి శాస్త్రము విశదముగా జెప్పుచున్నది. తాడిచెట్టు రసమునందు నూటికి ఇంచుమించు 10 మొదలు 14 పాళ్లు చక్కెర యుండును. గాలియందును, గెలమీదను, పాతలొట్టి గోడలయందును నుండు కంటి కగపడని జీవులు ఆ చక్కెరను దిని, మద్యసారమును బొగ్గుపులుసు వాయువును విడుచును. ఆ వాయువే నురుగు. అదియే మా సీసాను పగులగొట్టినది. ఈ జీవులలో ముఖ్యమైన దానికి శాస్త్రజ్ఞులు శాకరోమైసీసు అని పేరు పెట్టిరి. ఫ్రాన్సుదేశీయుడగు లూయీ పాస్తరు 1857వ సంవత్సరము మొదలు ఈ విషయమును శోధించి, పులియుట యనునది జీవుల వ్యాపారమే యని స్థాపించి, 1876లో బీరును గూర్చి ప్రత్యేకముగా నొక గ్రంథమును ప్రకటించెను. సున్నము రసమును క్షారముగా మార్చుటచే ఆ జీవులు పెరుగజాలవు. కావుననే నీరా తియ్యగా నిలుచును. కల్లును మూత వదులుగా బెట్టి మఱికొన్ని వారములు విడిచితిమేని వేఱుజాతి జీవులు మద్యసారమును పులుసుగా మార్చును. మా రెండవ ప్రయత్నమున నట్టి పులుసు సిద్ధించినది. మామిడికాయ ముక్కలను అందులో నూరబెట్టి యింటిల్లిపాదియు భుజించితిమి.

ఇట్లు కుండముందు గూర్చుండిన పిమ్మట, మేము ఎన్నడో చదివి విడిచిన గ్రంథములు క్రొత్తవెలుగులో గానవచ్చినవి. వానిలో ముఖ్యమైనది కౌటిలీయార్థశాస్త్రము. శతాబ్దములు మరుగుపడియుండిన ఆ గ్రంథమును మైసూరునందు శామశాస్త్రిగారు 1909లో ముద్రింపించి లోకమునకు దయచేసిరి. దాని రెండవ యధికరణమున సురాధ్యక్షుడను అధికారిని గూర్చి ప్రత్యేకాధ్యాయము కలదు. మేదకము, ప్రసన్న, ఆసవము, అరిష్టము, మైరేయము, మధువు అని ఆఱువిధముల పానీయములను, వాని పాళ్లతోగూడ కౌటిల్యుడు పేర్కొనెను. మేదకమునకు ద్రోణము నీరు, అర్ధాఢకము బియ్యము, మూడు ప్రస్థముల కిణ్వము. ఇది బియ్యముతో జేసిన బీరుగాక మఱేమి? కిణ్వమనగా పులియబెట్టు మూలద్రవ్యము. మినుముల ముద్ద ద్రోణము, పచ్చిదో వండినదో, దానికి మూడవపాలు హెచ్చుగా బియ్యము, కొన్ని మూలికలు కలిపి దానిని జేయవలెనని విధించెను. ఈ వాక్యమును వినిపింపగా మా గృహిణి, "ఇది మన యిడ్లీపిండి కాదా" అనెను. పాళ్లును మూలికలును వేఱే. కాని మినుమును బియ్యమును నానబెట్టి, రుబ్బి, రాత్రి పొంగనిచ్చు నేర్పు రెండింటను ఒక్కటే. కిణ్వద్రవ్యములను ఏఱుపని స్త్రీలును బాలురును చేయవలెనని కౌటిల్యుడే చెప్పెను. అనగా ఈ విద్య ఇల్లాలి చేతినుండి పుట్టినది.

అందు మన కథకు ప్రాణమువంటి సంగతి మఱియొకటి కలదు. కౌటిల్యుడు మద్యవిషయమున మెత్తనివాడు కాడు. నియమిత స్థానములందు దప్ప అన్యత్ర చేసిన, కొనిన, అమ్మిన వారికి 600 పణముల దండము విధించెను. తాగి తిరుగువారిపై నిఘా పెట్టించెను. రాజపణ్యము కాని సరకుపై నూటికి 5 చొప్పున సుంకము గైకొనుమనెను. అట్టివాడే, కుటుంబులు శుభకార్యములందు శ్వేతసురను, ఔషధార్థము అరిష్టమును, ఇతరమును జేసికొనవచ్చునని అనుజ్ఞ యిచ్చెను. ఉత్సవములకును, సమాజములకును, యాత్రలకును నాలుగు దినములు మినహాయింపు గల్పించెను. నడవడి యెఱిగినవారు కొద్దిపాటి పరిమాణమును వెంట గొనిపోవచ్చుననెను. అనగా అంగడికుండ వేఱు, ఇంటికుండ వేఱు అను వివేకము ఆ ప్రాచీనశాసనకర్తకు గలదు. అంగడికుండపై కఠినమైన దృష్టి. ఇంటికుండపై హద్దుతో గూడిన క్షమ. ఈ యొక్క భేదమును పాఠకులు మనస్సున నిలుపుకొనవలెనని ప్రార్థన. తక్కిన చరిత్రమంతయు ఈ భేదము చెరిగిపోయిన కథయే.

ధర్మశాస్త్రములు మద్యమును నిందించినవి గదా యని కొందఱు పండితులు మమ్ము ప్రశ్నించిరి. నిజమే. మనుస్మృతి గౌడి, పైష్టి, మాధ్వి యని సుర మూడువిధములని చెప్పి, ద్విజులకు దానిని నిషేధించినది. గుడముతో జేసినది గౌడి, పిండితో జేసినది పైష్టి, ఇప్పపూవుతోగాని తేనెతోగాని చేసినది మాధ్వి. మన కులనామము ఈ గౌడీశబ్దమునుండి వచ్చెనని కొందఱును, గ్రామపెద్దకు కన్నడదేశమున గల గౌడ యను బిరుదమునుండి వచ్చెనని కొందఱును వాదింతురు. ఆ వివాదమును ఇచ్చట దీర్పబోము. నిషేధమున్నచోటనే వైద్యశాస్త్రమును గలదని మాత్రము చెప్పుదుము. చరకసంహిత సూత్రస్థానమున 84 ఆసవములు పేర్కొనబడినవి. అవి ధాన్యములు, ఫలములు, పుష్పములు, వేళ్లు, బెరళ్లు మొదలగువానినుండి చేయబడునవి. నేడును వైద్యులిచ్చు ద్రాక్షారిష్టము, దశమూలారిష్టము కుండలో పులిసినవే. నిందింపబడినది మితిమీరుటయే గాని పులియబెట్టు విద్య కాదని మా యభిప్రాయము.

ఇక గ్రంథములనుండి మన యడవికి వత్తము. ఖమ్మమునకు తూర్పుగా బోయినకొలది తాళ్లును ఈదులును పలుచబడి, ఇప్పచెట్లు కానవచ్చును. గోదావరి కిరుప్రక్కల మన్యమున జీలుగుచెట్లు గలవు. వేసవి యారంభమున రాలిన ఇప్పపూవును కోయలు తెల్లవారకమునుపే బుట్టల కెత్తుకొని, ఎండబెట్టి, ఏడాదిపొడవున ఆహారముగాను పానముగాను వాడుకొనుట అనాదియాచారము. జీలుగుకల్లు కొండరెడ్లకు పానీయమే గాక, ధాన్యమయిపోయిన కఱవుమాసములలో కడుపు నింపు ఆధారము. 1940వ దశకమున వారి నడుమ నివసించిన హైమెన్‌డార్ఫుపండితుడు 1945లో ప్రకటించిన కొండరెడ్ల గ్రంథమున ఈ చెట్టునకు వారి జీవితమున గల ప్రాముఖ్యమును వర్ణించెను. అచ్చట కుండ అమ్మకమునకు గాదు. పెండ్లికి, పండుగకు, చావునకు, చుట్టము వచ్చినపుడు దించునది. కౌటిల్యుడు కుటుంబులకు విడిచిన హక్కు, గ్రంథము చదువని ఆ మన్యమున ఆచరణలో బ్రతికియుండెను.

ఆ హక్కుపై చేయి పడినపుడు ఏమైనదో 1879వ సంవత్సరము చెప్పును. రంపదేశమున మన్సబుదారు, చెట్టు గీయువారిపై చిగురుపన్ను అను పన్నును వేసి పీడించుచుండెను. ఇంతలో మదరాసు ప్రభుత్వమువారి క్రొత్త అబ్కారీ నిబంధనలు వచ్చి, సొంతవాడుకకు సైతము కల్లు దీయగూడదని నిషేధించి, కల్లురాబడిని గుత్తకిచ్చినవి. గుత్తదారులు మైదానమునుండి వచ్చిన పరాయివారు. తన తాత నాటిన చెట్టునుండి తన యింటి శుభకార్యమునకు కుండెడు దించుకొనుటకు పరునికి రుసుము చెల్లింపవలసివచ్చిన కొండవాని మనస్సు ఎట్లు మండియుండును! వానికి తోడు వ్యాపారుల మోసములును, కోర్టుల డిక్రీలును, పోలీసుల పీడయు చేరినవి. మార్చినెలలో రంపయందు లేచిన తిరుగుబాటు ఏప్రిలులో గొలుగొండకొండలకును, జూలైలో భద్రాచలము తాలూకాలోని రేకపల్లెకును ప్రాకినది. భద్రాచలము తాలూకా అప్పటి కయిదేండ్లకు పూర్వమే, 1874లో, మధ్యపరగణాలనుండి గోదావరిజిల్లాకు మార్పబడియుండెను. పోడుపై పెరిగిన శిస్తులును నిషేధములును రేకపల్లెవారికి అదనపు గాయము. తమ్మందొర మొదలగు నాయకులు నేలకూలిన పిదప 1880లో నది యణగినది. మన్సబుదారు తన పదవిని గోల్పోయెను. ముఠాదారులకు ప్రభుత్వము నేరుగా సనదులిచ్చెను. అల్లూరి సీతారామరాజు 1922లో ఎత్తిన ధ్వజమును అందఱు నెఱుగుదురు. దానికి నాలుగు దశాబ్దులకు పూర్వము అదే మన్యమున ఇంటికుండకొఱకు రక్తము చిందిన సంగతిని ఎఱిగినవారు కొందఱే.

ఆ తిరుగుబాటు మన్యమును కుదిపినను చట్టముల నడకను మార్చలేదు. 1886లో మదరాసు అబ్కారీచట్టము వచ్చినది. గోదావరి కీవల, మా నేలకొండపల్లి యుండిన నిజాము రాజ్యమున, 1316 ఫసలీ నాటి హైదరాబాదు అబ్కారీచట్టము వచ్చినది. అది క్రీస్తుశకము 1907 ప్రాంతము. ఏఱు నడుమ బారినను ఇరుగట్ల సూత్రమొక్కటే: చెట్టు ప్రభుత్వమునకు ఆదాయము, లైసెన్సు లేని కుండ నేరము. నిజాము ఖజానాకు అబ్కారీ పెద్దరాబడులలో నొకటి. మండువలు వేలము పాడబడినవి. పాట పాడినవాడు దొర, ప్రాణమునకు తెగించి చెట్టెక్కినవాడు కూలి. గీచువానికే చెట్టు దక్కవలెనని తరువాతికాలమున సాగిన పోరాటములకు సూర్యాపేటవాసి బొమ్మగాని ధర్మభిక్షముగారు (1922–2011) చేసిన సేవ మన కులమునకే గాక కార్మికలోకమునకే స్మరణీయము. సహకారసంఘములును, చెట్టును గీతకానికే యిచ్చు పద్ధతియు అట్టి పోరాటముల ఫలములు. 1968 నాటి ఎక్సైజుచట్టమే నేటికిని తెలంగాణమున అమలులో నున్నది. అంగడికుండ విషయమున మనకు కొంత న్యాయము దక్కినది. ఇంటికుండను మాత్రము ఎవ్వరును దలపలేదు, మనమును దలపలేదు.

మన దేశమున మాత్రమే యిట్లు జరిగెనని యనుకొనరాదు. ఇంగ్లండులో బీరు కాచుట పూర్వము ఇల్లాలి పనియే. 1880లో గ్లాడ్‌స్టను మంత్రి బీరుపై పన్ను విధించినపుడు ఇంట కాచుకొనువారికిని లైసెన్సు విధించెను. ఇంటికుండలు క్రమముగా నారిపోయినవి. 1963లో మాడ్లింగను ఆర్థికమంత్రి ఆ లైసెన్సును రద్దుచేయగా, మఱచిపోయిన విద్యను జనులు తిరిగి నేర్చికొనవలసివచ్చెను. అమెరికాదేశమున 1920 మొదలు 1933 వరకు సంపూర్ణ నిషేధము నడచినది. అది తొలగినపిమ్మటను ఇంట బీరు కాచుట నేరముగానే మిగిలినది. 1978లో కార్టరు అధ్యక్షుడు సంతకము చేసిన చట్టముచే, మఱుసటి యేడు మొదలు వయస్సు వచ్చినవా డొక్కడున్న యింట ఏటికి 100 గ్యాలనులును, ఇద్దఱు లేక అంతకు మించియున్న యింట 200 గ్యాలనులును అమ్మకమునకు గాక సొంతవాడుకకు పన్నులేక చేసికొన వీలు గలిగెను. 200 గ్యాలనులనగా సుమారు 757 లీటరులు. అచ్చట ఉద్యోగములు విరమించిన వృద్ధులు అనేకులు తమ యౌవనమున నేర్చి విడిచిన ఈ వ్యాసంగమునకు మరలుచున్నారు. బార్లీని నానబెట్టి, కాచి, పులియబెట్టి, పాళ్లు పుస్తకమున వ్రాసికొని, మిత్రులకు రుచిచూపి యానందించుచున్నారు. కౌటిల్యుని వివేకము రెండువేల యేండ్లకు పిమ్మట పడమటి సముద్రము కావల శాసనరూపము దాల్చినదన్నమాట.

ఇంటికుండ ఆరిపోవుటవలన మనకేమి నష్టమని అడుగుదురేమో. నష్టమును కన్నులార చూచుచున్నాము. ఇంట దించి, ఇంటివారే తాగి, ఇంటివారే తప్పు పట్టు కాలమున కల్తీకి తావు లేకుండెను. తల్లి తన బిడ్డకు బోయు రేకలో విషము కలుపదు గదా! కుండ ఇంటిని విడిచి అంగడికే పరిమితమైనపిమ్మట, చెట్లు తక్కువయై గిరాకి యెక్కువయైన పట్టణములలో, నీళ్లలో క్లోరల్ హైడ్రేటు, డైజిపాము, ఆల్ప్రజోలాము అను మత్తుమందులను కలిపి కల్లని యమ్ముట మొదలయ్యెను. వానికి అలవాటుపడిన పేదవారు ఒకనాడు అది దొరకనిచో వణకుచు, మతిచలించి ఆసుపత్రుల పాలగుదురు. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతమున కల్తీకల్లు తాగి కొందఱు ప్రాణములు గోల్పోయిరి. ఈ పాపమునకు ఒడిగట్టువారిలో మన కులనామధారులు లేరని గుండెపై చేయి వేసికొని చెప్పగలమా? చెట్టుపైనుండి పడి ప్రాణములు విడిచిన మన వారి త్యాగము, నడుములు విఱిగి మంచము పట్టిన మన సోదరుల బాధ ఒకప్రక్క; ఆ చెట్టెక్కకయే పొడి కలుపువాని లాభము మఱియొకప్రక్క. ఈ రెంటికి మన సంఘము ఒకే పేరు పెట్టుకొని ఊరకుండుట ధర్మము కాదు.

మద్యముచే సంసారములు కూలుటను మేము ఎఱుగనివారము గాము. 1992లో నెల్లూరుజిల్లా దూబగుంటలో స్త్రీలు సారాపై తిరుగబడిరి. 1993 అక్టోబరు 1వ తేదీన సారా నిషేధింపబడెను. 1995 జనవరిలో మద్యనిషేధము వచ్చి 1997లో సడలిపోయినది. ఆ స్త్రీల కోపము న్యాయమైనది. వారు కోపించినది వీధివీధికి గుత్తదారు తెచ్చిపెట్టిన అంగడిసారాపై. ఇంట గుడుంబా కాచి యమ్ము బట్టీలును ఇంటికుండలు కావు. ఇంటి గోడల నడుమ నున్న అంగళ్లే. నల్లబెల్లముతో మన ప్రాంతపు పల్లెలెన్నిటికో అవి చేసిన కీడు అందఱికిని దెలిసినదే. కావున ఎవరికి దోచినట్లు వారు కాచుకొనుడని మేము చెప్పుట లేదు. నేటి చట్టము అనుమతింపనిదానిని ఇంట జేయుమని సంఘసభ్యుల నెవ్వరిని ప్రోత్సహింపము. మేమును లైసెన్సు గల చెట్టునుండి దించినదానిని మాత్రమే పరీక్షించుచున్నాము. నీరాను, తాటిబెల్లమును, పులుసును మాత్రమే చేయుచున్నాము.

అయినను చట్టము చెప్పునది యొకటి, చట్టమును అడుగదగినది యొకటి. కౌటిల్యుడు గుర్తించి, రంపకొండవారు ప్రాణములొడ్డి చాటి, ఆంగ్లేయులును అమెరికనులును ఆలస్యముగా నంగీకరించిన భేదమును, అనగా అంగడికుండకును ఇంటికుండకును గల భేదమును, మన శాసనకర్తల యెదుట ఉంచుటకు మన సంఘమునకు హక్కు కలదు. హద్దు విధింపవచ్చును, అమ్మకమును నిషేధింపవచ్చును. గృహస్థుని నేరస్థునిగా జూడక, విద్యావంతునిగా జూడవలెను. 2019లో తెలంగాణ ప్రభుత్వము నీరావిధానమును ప్రకటించినది. 2023లో రాజధానియందు హుస్సేనుసాగరతీరమున నీరాకేంద్రము తెఱవబడినది. 2024లో చెట్టెక్కువారి రక్షణకై కాటమయ్య రక్షాకవచమను పేర పరికరము లందీయబడినవి. అడిగిన వినువారు కలరనుటకు ఇవి నిదర్శనములు. కాని అడుగుటకు మునుపు మనకు విద్య యుండవలెను. అంగడి లెక్కలు దప్ప మన చేతిలో ఏమియు లేకపోయినచో, ఇది మా విద్య యని యేమొగముతో చెప్పుకొనగలము?

కావున మా విన్నపము ముఖ్యముగా మా యీడువారికి. గుమాస్తాలుగాను, ఉపాధ్యాయులుగాను, కండక్టరులుగాను, ఇంజనీరులుగాను జీవితమంతయు గడపి విరామము పొందిన సోదరులు మన కులమున నేడు వేలసంఖ్యలో నున్నారు. వారిలో పెక్కండ్రు, మావలెనే, బాల్యమున కుండకడ సిగ్గుపడి పాఱిపోయినవారే. తీరిక కలిగిన ఈ వయస్సున మీ యూరి ముసలి గీతకాని యరుగుమీద గంటసేపు కూర్చుండుడు. పోతుతాటికిని పండుతాటికిని గీత ఎట్లు భేదించునో, ఈతచెట్టునకు ఎన్ని దినములు విశ్రాంతి నీయవలెనో, లొట్టిని పొగవేసి ఎట్లు శుద్ధిచేయవలెనో అడుగుడు. చెప్పిన మాటను చెప్పినట్లే వ్రాసికొనుడు. మేము అట్లు వ్రాసినది రెండు పుస్తకములు నిండినది. అందు సగము మాటలు నిఘంటువులలో లేవు. మాకు చెప్పిన పెద్దలలో నొకరు పుస్తకము పూర్తిగాకమునుపే స్వర్గస్థులైరి. ఆయన గీతపదును గూర్చి చెప్పదలచి రేపటికి వాయిదా వేసిన మాట యిక నెన్నటికిని మాకు దొరకదు.

మా తండ్రిగారి లొట్టి యొకటి అటుకమీద బోర్లించియుండగా ఇటీవల దింపితిమి. అంచు కొంచెము పగిలినది. లోపల సున్నపుచార యింకను తెల్లగా నున్నది. మనుమడు దానిని చేతబట్టి, "తాతా, ఇదేంది?" అని యడిగెను. మా చిన్ననాట ఎవ్వరైన నట్లడిగినచో మేము తల వంచుకొనియుందుము. ఇప్పుడు వానిని ప్రక్కన గూర్చుండబెట్టుకొని, పాటలీపుత్రపు సురాధ్యక్షుడు మొదలు రేకపల్లె కొండలవఱకును గల కథనంతయు చెప్పితిమి. వాడు విని, మఱునాటి యుదయమున లొట్టి దించునపుడు తన్ను గూడ లేపుమని కోరెను. లేపితిమి. చెట్టుక్రింద నిలుచుండి నురుగు చప్పుడునకు చెవియొగ్గి వాడు నవ్వెను. ఏబది యేండ్లకు పూర్వము ఆ చెట్టుక్రింద మేము విడిచిపోయిన నవ్వే యది.

ఈ మహాసభ కాటమయ్య యనుగ్రహమున జయప్రదమగుగాక. చెట్టెక్కిన ప్రతి సోదరుడును క్షేమముగా దిగి యిల్లు చేరుగాక. మన కుండ కల్తీ లేనిదై, మన విద్య మఱపులేనిదై వర్ధిల్లుగాక. స్వస్తి.